రెండో చంద్రుడికి లైసెన్సు

మా వీధిలో ఎవరికి ఏ కష్టం వచ్చినా లిఫ్టు బాబాయ్ దగ్గరికి వెళ్తారు. ఆయన తీరుస్తాడని కాదు, ఆయన మాటలు వినేసరికి మన కష్టం చిన్నదైపోతుందని. ఒక పెద్ద ఆఫీసు భవనంలో ఇరవై ఆరేళ్ళు లిఫ్టు నడిపి రిటైరయ్యాడు. ఊళ్ళో పెద్దవాళ్ళంతా తన చేతి మీదుగానే పైకి వెళ్ళారని ఆయన ధీమా. రోజూ మూడింటికల్లా నా సెలూన్‌కి వచ్చి అద్దం ముందు ఖాళీ కుర్చీలో కూర్చుంటాడు. గడ్డం గీయించుకోడు గానీ పేపరునీ, నా చెవుల్నీ మాత్రం పూర్తిగా వాడుకుని వెళ్తాడు.

ఆ రోజు వాచీలు బాగుచేసే తాతకి నురగ పట్టించి కత్తి అందుకున్నానో లేదో, టైలరక్క లోపలికి వచ్చింది. మెడలో కొలతల టేపు, చేతిలో ఫోను, మొహం వాడిపోయి ఉంది. ఆవిడ బాధ మా అందరికీ తెలిసిందే. పన్నెండేళ్ళుగా ఆమెది ఒకటే ఫోను నంబరు. షాపు బోర్డు మీద అదే, బట్టలు పెట్టిచ్చే సంచుల మీద అదే, చుట్టుపక్కల బడి పిల్లల తల్లులందరి ఫోన్లలోనూ అదే. ఎదురుగా కొత్త బిల్డింగు లేచినప్పటి నుంచి ఆ నంబరు కంపెనీ సిగ్నల్ షాపులోకి రావడం మానేసింది. ఎవరు చేసినా స్విచ్చాఫ్ అని వస్తోందట. నంబరు అదే ఉంచుకుని కంపెనీ మారదామని కోడు తెప్పించుకుంటే, కొత్త కంపెనీ కౌంటర్లో వివరాలు కలవట్లేదని తిప్పి పంపుతున్నారు. కోడు గడువు ఆ సాయంత్రం ఐదింటితో సరి. అది దాటితే మళ్ళీ మూడు నెలలు ఆగాలట. ఈలోగా బడులు తెరుస్తారు, ఏడాదికి సరిపడా యూనిఫారాల పని ఇంకో షాపుకి పోతుంది.

"బాబాయ్, నువ్వొక్కసారి నాతో కౌంటర్ దాకా రావాలి" అంది అక్క.

"నేనా?" అని బాబాయ్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నేనొస్తే వాళ్ళు షట్టరు దించేసుకుంటారమ్మా. నన్ను చూస్తే ఫోన్ కంపెనీలకి ఎంత హడలో నీకు తెలీదు. కూర్చో, ముందు సంగతి విను, తర్వాత నువ్వే వద్దంటావు."

అక్క గోడ గడియారం చూసింది. మూడుంబావు. కౌంటరు వీధి చివరే కదా అనుకుందేమో, బెంచీ అంచున కూర్చుంది.

"నిరుడు జరిగింది. నిరుడే, మీ పిన్ని కళ్ళజోడు మార్చిన ఏడాది. మా బావమరిదితో ఫోన్లో మాట్లాడుతున్నాను. ముఖ్యమైన విషయం, మాట్లాడేది నేనే కాబట్టి ముఖ్యమైనదే అయ్యుంటుంది, సరిగ్గా అసలు మాట దగ్గరికి వచ్చేసరికి టక్కున కట్. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్. మూడోసారి బావమరిదే ఎత్తలేదనుకో, అది వేరే సంగతి. ఈ భూమ్మీద నా మాట మధ్యలో తుంచినవాడు లేడు, మీ పిన్నిని మినహాయిస్తే. ఒళ్ళు మండి అప్పటికప్పుడు కంపెనీ మారతానని మెసేజ్ పెట్టాను. ఇందులో గొప్పేముంది, ఎవరైనా పెడతారు. నేను గొప్పలు చెప్పుకునే రకం కాదని మీకు తెలుసు."

తాత నురగలోంచి ఏదో అనబోయాడు. కత్తి గొంతు దగ్గరుంది కాబట్టి ఆగిపోయాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బటన్ మీద నుంచి నా వేలు లేవకముందే ఫోన్ మోగింది. ఎవరో అమ్మాయి. సార్, మేమేం తప్పు చేశాం సార్, ఎందుకు వెళ్ళిపోతున్నారు అని గొంతు బొంగురుపోతోంది. నెల రోజులు ఉచితంగా మాట్లాడుకోండి అంది. నాకు మనసొప్పక, వద్దమ్మా, నువ్వు భోజనం చెయ్యి ముందు అన్నాను. ఆ అమ్మాయి ఫోను పై అధికారికిచ్చింది. ఆయన ఏడాది ఉచితం అన్నాడు. ఆయన తన పై అధికారికిచ్చాడు. అలా పైకి, ఇంకా పైకి, నాకు లిఫ్టు అలవాటే కదా, ఏ అంతస్తులో ఎవడుంటాడో గొంతుని బట్టి చెప్పేస్తాను. ఆఖరికి పై అంతస్తులో జనరల్ మేనేజరు దొరికాడు. ఏడు తరాలకి ఉచితం సార్ అన్నాడు. మీ మనవడికి మునిమనవడు పుడితే వాడి మొదటి ఏడుపు నుంచి ఎంతసేపు ఏడ్చినా మా లెక్కే అన్నాడు. నేనన్నాను కదా, బాబూ, నాకు కావలసింది ఉచితం కాదు, నా మాట మధ్యలో తెగకూడదు. అంతే. పెట్టేశాను."

"పెట్టేశావా?" అన్నాను.

"వాళ్ళు పెట్టలేదుగా. మర్నాడు పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే వీధిలో లారీ ఆగింది. లారీలో ఏముందనుకున్నారు? టవరు. పడుకోబెట్టి తెచ్చారు, దాని కొస ఇంకా పక్క వీధి మలుపు తిరగలేదు. మేనేజరు దిగి చేతులు జోడించాడు. సార్, సిగ్నల్ మీ దగ్గరికి రాకపోతే టవర్నే మీ దగ్గరికి తెచ్చాం, మీ మేడ మీద నిలబెడతాం అన్నాడు. మీ పిన్ని బయటికొచ్చి, అది పెడితే నేను బట్టలెక్కడ ఆరేసుకోవాలి అంది. చూశారా, ఆడవాళ్ళకి తోచే ప్రశ్న ఇంజనీర్లకి తోచదు. అప్పటికప్పుడు టవరు పొడుగునా కొక్కేలు బిగించారు. మన వీధిలో నాలుగిళ్ళ బట్టలూ దాని మీదే ఆరేవి. కింది కొక్కేలకి దుప్పట్లు, పై కొక్కేలకి ప్యాంట్లు. అక్కడ ఎండ ఎంత దగ్గరంటే, ప్యాంటు పైకి పంపితే నిక్కరు కిందికి వచ్చేది."

నేను కిటికీలోంచి బాబాయ్ మేడ వైపు చూశాను. పాత నీళ్ళ ట్యాంకూ, దండెమూ తప్ప ఇంకేం లేవు. ఆ మాటే అన్నాను.

"ఏముంటుందిరా, నాసిరకం ఇనుము. మొన్నటి వానలకి ముడుచుకుపోయింది" అన్నాడు బాబాయ్, రెప్ప కూడా వెయ్యకుండా.

"బాబాయ్, మూడున్నరైంది" అంది అక్క.

"అయిపోయిందమ్మా, అసలు కథకి వస్తున్నా. ఈ సంగతి మిగతా కంపెనీలకి తెలిసిపోయింది. లిఫ్టు నడిపినాయన కంపెనీ మారుతున్నాడట, ఎవరిని ఎంచుకుంటాడో అని ఊరంతా ఒకటే గుసగుసలు. తెల్లారి తలుపు తీస్తే గడప నుంచి బస్టాపు దాకా వరస. అందరూ ఫోన్ కంపెనీల వాళ్ళే, అందరి చేతుల్లోనూ దరఖాస్తులు. ఎంచుకునే హక్కు నాది కదా, ఆ హక్కుని ఊరికే పారేసుకుంటానా? ఒక్కొక్కణ్ణీ పిలిచి నోటి పరీక్ష పెట్టాను. నీ షరతులేంటి అనడిగితే, ఏం లేవు సార్, అంతా కింద రాసే ఉంది అని ఒకడు కాగితమిచ్చాడు. కింద చీమల బారు లాగా చిన్న అక్షరాలు. మన తాత దగ్గర వాచీలు చూసే భూతద్దం లేదూ, అది తెప్పించాను."

"నా దగ్గర నుంచా?" అన్నాడు తాత, ఈసారి కత్తిని పక్కకి తోసి మరీ.

"నువ్వప్పుడు కునుకు తీస్తున్నావు. అద్దం పెట్టి చదివితే, షరతుల కింద షరతులు. వాటి కింద వాటి మినహాయింపులు. చివర్న ఒక చుక్క ఉంది. మామూలువాడైతే చుక్క వచ్చింది, వాక్యం అయిపోయిందని సంతకం పెట్టేస్తాడు. నేను ఆ చుక్కని కూడా అద్దం కింద పెట్టాను. అది చుక్క కాదర్రా. నలభై పేజీల ఒప్పందం, ముద్దగా నలిపి చుక్కంత చేసి పెట్టారు. విప్పితే మా వరండా అంతా పరుచుకుంది, మీ పిన్ని తుడిచిన నేల మీద కాళ్ళు పెట్టొద్దని అరుస్తుంటే నేను దాని మీద పాకుతూ చదివాను. ముప్పైఏడో పేజీలో ఏముందో తెలుసా? వినియోగదారుడు నవ్వితే అది అంగీకారంగా భావించబడును అని ఉంది. అందుకే ఆ రోజు నుంచి నేను కంపెనీల వాళ్ళ ముందు నవ్వను."

తాతకి నవ్వొచ్చి నురగ ఎగిరి అద్దం మీద పడింది. అక్క నవ్వలేదు. ఫోను తెరిచి కోడున్న మెసేజ్ చూసుకుని మళ్ళీ మూసింది.

"అక్కడితో ఆగిందా అంటే, లేదు. కరెంటు వాళ్ళకి వణుకు పుట్టింది, గ్యాసు వాళ్ళకి పుట్టింది, నీళ్ళ వాళ్ళకి పుట్టింది. ఇవాళ ఫోన్, రేపు మనమే అని వాళ్ళంతట వాళ్ళే వచ్చి, సార్, మీరు మమ్మల్ని కూడా ఎంచుకోండి అని నిలబడ్డారు. సరేనని హాల్లో ఫ్యానుకి ఒక కంపెనీ కరెంటు, లైటుకి ఇంకో కంపెనీ కరెంటు పెట్టించాను. ఆ ఇద్దరికీ అసలు పడదు. ఫ్యానేస్తే చాలు, అది లైటుని ఊదేసేది. స్నానాల గదిలో వేడినీళ్ళు ఒకరివి, చన్నీళ్ళు ఇంకొకరివి. నేను ముందంటే నేను ముందని ఇద్దరూ పోటీపడి, నేను బకెట్టు కొనుక్కొచ్చేలోపే నీళ్ళు గుండ్రంగా నిలబడి ఉండేవి, బకెట్టు తొడిగితే సరిపోయేది. పోటీ ఉంటే సేవ ఎలా ఉంటుందో అప్పుడు చూడాలి మీరు."

"ఇప్పుడు మీ ఇంటికి రోజు విడిచి రోజు కదా నీళ్ళొచ్చేది?" అన్నాడు తాత.

"కథలో అక్కడికింకా రాలేదు" అన్నాడు బాబాయ్ కాస్త విసుగ్గా. "ఈ కంపెనీలన్నిటికీ పైన ఒక నియంత్రణ సంస్థ ఉంటుంది. వీళ్ళ చెవులు మెలిపెట్టే పని దానిది. అక్కడి నుంచి నాకు పిలుపొచ్చింది. అయ్యా, మా వల్ల కాని పని మీరు వరండాలో కూర్చుని చేస్తున్నారట, మాకు కాస్త నేర్పండి అని. వెళ్ళాను. నలభై అంతస్తుల భవనం. తీరా చూస్తే ఆ సంస్థ సభ్యులందరూ లిఫ్టులో ఇరుక్కుని ఉన్నారు. ఇరవైరెండుకీ ఇరవైమూడుకీ మధ్య. బాగుచెయ్యడానికి కంపెనీని పిలుద్దామంటే, మీ ఫిర్యాదు మాకు ముఖ్యం, దయచేసి వేచి ఉండండి అని పాట వస్తోందట, రెండు రోజుల నుంచి. నేను లిఫ్టు తలుపు మీద రెండు వేళ్ళతో తట్టాను. అంతే. నా చప్పుడు గుర్తుపట్టి దానంతటదే దిగొచ్చింది. అధ్యక్షురాలు బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని, ఈ కంపెనీల వాళ్ళకి ఏ శిక్ష వెయ్యమంటారో మీరే చెప్పండి బాబాయ్ గారూ అంది."

"బాబాయ్ గారూ అందా?" అన్నాను.

"నా వయసుకి మర్యాద ఇచ్చింది, తప్పా? నేనేం పెద్ద శిక్ష చెప్పలేదు. ఆ లిఫ్టు కంపెనీ యజమానిని పిలిచి, బాబూ, నీ ఫిర్యాదుల నంబరుకి నువ్వే ఒకసారి ఫోన్ చెయ్యి, మనిషి గొంతు వినపడేదాకా పెట్టెయ్యకూడదు అన్నాను. ఓస్ ఇంతేనా అని నవ్వుతూ మొదలెట్టాడు. ఒకటి నొక్కండి అంది, నొక్కాడు. మూడు నొక్కండి అంది, నొక్కాడు. వెనక్కి వెళ్ళడానికి తొమ్మిది నొక్కండి అంది. ఇప్పటికీ నొక్కుతూనే ఉన్నాడు. గడ్డం నడుము దాకా వచ్చింది, నువ్వు చూస్తే ఏడుస్తావురా అబ్బాయ్, అంత గడ్డం. పెళ్ళి చూపులకి వెళ్ళే కొడుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకునే, రెండో చేత్తో దీవించాడు. ఆ కొడుక్కి పుట్టిన పిల్లాడికి మొట్టమొదట వచ్చిన మాటేంటో తెలుసా? దయచేసి వేచి ఉండండి."

"నిరుడే కదా ఇదంతా మొదలైంది, మనవడు మాట్లాడటం కూడా అయిపోయిందా?" అన్నాడు తాత.

"అక్కడంతా వేగమయ్యా, ఫైబరు."

గడియారం నాలుగు చూపించింది. అక్క లేచి నిలబడింది, ఏదో చెప్పబోయింది. బాబాయ్ అది చూడనట్టు గొంతు ఇంకాస్త పెంచాడు. మామూలుగా ఆయన గొంతు పెంచితే అది కథ కోసమే అనుకుంటాను. ఆ రోజు మాత్రం భయపడుతున్నాడేమో అనిపించింది, ఎందుకో అర్థం కాలేదు.

"ఆఖరి మాట అమ్మా, ఇది వినకపోతే మిగతాదంతా దండగ. అధ్యక్షురాలు అడిగింది, ఇంకా ఏ సేవలోనైనా ప్రజలకి అన్యాయం జరుగుతోందా అని. నేను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పైకి చూపించాను. అమ్మా, ఆ చంద్రుణ్ణి చూడండి. నెల మొత్తంలో నిండుగా వెలిగేది ఒక్కరోజు. మిగతా రోజులు రోజుకింత కోత, ఒకరోజైతే పూర్తిగా బంద్. ముందస్తు సమాచారం లేదు, ఫిర్యాదుకి నంబరు లేదు. ఎందుకంత పొగరు? ఉన్నది ఒక్కడే కదా. మనకి ఇంకో చంద్రుడుంటే చూపించేవాళ్ళం. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇన్నాళ్ళూ మాకెవరికీ తట్టలేదు బాబాయ్ గారూ అంది. అప్పటికప్పుడు టెండరు పిలిచారు. మూడు కంపెనీలొచ్చాయి. ఒకటి చతురస్రంగా చేస్తానంది, మనకొద్దన్నాను. ఆఖరికి ఒకదానికి నా ఎదురుగానే సంతకం పెట్టి, ముద్ర వేసి, రెండో చంద్రుడికి లైసెన్సు ఇచ్చారు."

తాత సగం గీసిన గడ్డంతో లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆకాశంలోకి చూశాడు. "ఏడీ?" అన్నాడు.

"వచ్చేశాడు. మన వీధిలో ఇంకా కవరేజీ లేదు."

నాకు నవ్వాగలేదు, కత్తి కింద పెట్టేశాను. తాత కుర్చీలో కూలబడి పొట్ట పట్టుకున్నాడు. బాబాయ్ కాళ్ళు చాపుకుని మా మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ ఆనందిస్తున్నాడు. అక్క మాత్రం వచ్చి ఆయన కుర్చీ ముందు నిలబడింది.

"పొద్దున మళ్ళీ కౌంటర్‌కి వెళ్ళాను బాబాయ్. మూడోసారి. వివరాలు ఎందుకు కలవట్లేదో చెప్తే గానీ కదలనని కూర్చున్నాను. అక్కడున్న అమ్మాయి, పేరు చెప్పకూడదండీ, ఈ ఫోటో ఎవరిదో మీకు తెలుసేమో చూడండి అని కంప్యూటరు నా వైపు తిప్పింది. లిఫ్టు యూనిఫాంలో నువ్వున్నావు."

బాబాయ్ కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"నా నంబరు నా పేరు మీద లేదు. నీ పేరు మీద ఉంది."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ కిందట మా వీధిలో అందరం ఫోన్లు కొనుక్కునేటప్పుడు, ఒకరి కాగితం మీద ఇంటిపేరు తప్పు, ఇంకొకరి దాని మీద పాత చిరునామా, నా దగ్గరైతే అసలు కాగితమే లేదు. ఈ బాబాయే ముందుకొచ్చి, గుర్తింపు కార్డు నాదున్నాక మీకెందుకు బెంగ, ఎవరి పేరుంటే ఏంటి, మాట్లాడేది మీరేగా అన్నాడు. అందరికీ తన కార్డు మీదే తెచ్చిపెట్టాడు. ఆ రోజు మేమంతా ఆయన్ని నెత్తిన పెట్టుకున్నాం. సెలూన్ బోర్డు మీదున్న నా నంబరు కూడా ఆయన తెచ్చిందే. తాత మొహం చూస్తే తాతదీ అంతేనని తెలిసిపోయింది.

"ఈ వీధిలో పద్నాలుగు నంబర్లు నీవే" అంది అక్క. "కంపెనీ నచ్చకపోతే మారమని చట్టం చెప్పింది. పాత కంపెనీ కోడు ఇచ్చింది. కొత్త కంపెనీ రమ్మంటోంది. మమ్మల్ని ఆపుతోంది నువ్వొక్కడివే బాబాయ్."

బాబాయ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. ఆ మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"పోయిన వారం మెసేజ్ వచ్చిందమ్మా. ఒక మనిషి పేరు మీద తొమ్మిది నంబర్లకి మించి ఉండకూడదట. కేసు పెడతారేమోనని భయమేసింది. కూరగాయలకి కూడా కౌంటరు మీదుగా కాకుండా వెనక సందులోంచి పోతున్నాను. మీ పిన్నికి కూడా చెప్పలేదు."

నాకు ఆయన మీద జాలేసింది. అక్కకీ వేసినట్టుంది, టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకుంటూ నెమ్మదిగా చెప్పింది. కేసూ లేదు, ఏమీ లేదట. ఎవరి నంబరు వాళ్ళ పేరు మీదకి మార్చేస్తే చాలని ఆ అమ్మాయే చెప్పిందట. ఇవాళ బాబాయ్ వచ్చి కార్డు చూపించి ఒక్క సంతకం పెడితే అక్క నంబరు గడువులోపే కదులుతుంది, మిగతావి తీరిగ్గా మార్చుకోవచ్చు. గడియారం నాలుగుంబావు దాటింది.

బాబాయ్ లేచాడు. చొక్కా జేబు తడుముకుని కార్డు ఉందో లేదో చూసుకున్నాడు, చెప్పులేసుకున్నాడు. తాత ఒక చెంప మీద నురగతోనే వెనకాల బయల్దేరాడు, తన నంబరు కూడా అడుగుదామని. నేను సెలూన్ తలుపు దగ్గరికి వేసి వాళ్ళని అందుకున్నాను.

నాలుగడుగులు వేశాడో లేదో, బాబాయ్ మెడ మళ్ళీ నిటారుగా లేచింది. ఆగి మా వైపు తిరిగాడు. "అంటే పద్నాలుగు మంది, పన్నెండేళ్ళ నుంచి, ఒక్కరు కూడా బయటికి పోలేదు. ఇంకేంటర్రా, నేనే ఒక ఫోన్ కంపెనీ అన్నమాట."

"అవును బాబాయ్" అంది అక్క, నడక ఆపకుండా. "అందుకే పొద్దున కౌంటర్ దగ్గర నుంచి పదకొండుసార్లు చేస్తే నువ్వు ఒక్కసారి కూడా ఎత్తలేదు."